పునరుత్థానం లేకపోతే ఏం మిగులుతుంది?

క్రీ.శ. 177. రోమా సామ్రాజ్యంలోని గాల్ ప్రాంతం, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న లియోన్ నగరం. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తిగా ఉన్న రోజులు. అక్కడి క్రైస్తవుల మీద ఊరి జనం తిరగబడ్డారు. 90 ఏళ్లు దాటిన బిషప్ పోతీనస్ దెబ్బలకు తట్టుకోలేక జైల్లోనే ప్రాణం విడిచాడు. బ్లాండీనా అనే బానిస స్త్రీని వలలో చుట్టి ఎద్దు ముందు పడేశారు. చంపేశాక ఇంకేం పని ఉంటుంది? కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. శవాలను ఆరు రోజుల పాటు బయటే పడేసి కాపలా పెట్టారు. ఆ తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు.

ఇంత శ్రమ ఎందుకు పడ్డారో ఆ సంఘంవాళ్లు రాసిన లేఖలోనే ఉంది. మళ్లీ లేస్తామనే నమ్మకంతోనే వీళ్లు చావుకు ఎదురెళ్తున్నారు, ఆ ఆశ కూడా లేకుండా చేద్దాం, ఎలా లేస్తారో చూద్దాం అనుకున్నారట చంపినవాళ్లు.

వాళ్లకు క్రైస్తవ వేదాంతం తెలిసి ఉండదు. కానీ ఒక్క విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. ఈ మనుషుల ఆశ ఈ శరీరాల గురించే అని. చనిపోగానే ఆత్మ పరలోకానికి ఎగిరిపోతుంది, కథ అంతటితో సుఖాంతం అన్నదే వాళ్ల నమ్మకమైతే, శవాన్ని తగలబెట్టి ఏం లాభం? ఆత్మకు నిప్పు అంటుకోదు కదా.

ఇప్పుడు చాలామంది విశ్వాసులను "మీ నిరీక్షణ ఏంటి?" అని అడిగి చూడండి. "చనిపోయాక ఆత్మ దేవుని దగ్గరకు వెళ్తుంది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అది తప్పని కాదు, సగం జవాబు. ఆ సగంతోనే సరిపెట్టుకుంటే ఈస్టర్ దేనికో అర్థం కాదు. సిలువ మీద పాపక్షమాపణ దొరికింది, చనిపోయాక ఆత్మకు చోటు దొరికింది, మరి మూడో రోజు సమాధి ఖాళీ కావడం ఎందుకు? పెద్ద అద్భుతం అని చప్పట్లు కొట్టి పక్కన పెట్టడానికేనా?

మొదట మాట సంగతి చూద్దాం

పునః, ఉత్థానం. మళ్లీ లేవడం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట 'అనాస్తాసిస్' కూడా అచ్చంగా అదే, లేచి నిలబడటం. లేవాలంటే ముందు పడి ఉండాలి. పడి ఉన్నది శరీరమే. కాబట్టి "ఆయన ఆత్మ జీవించి ఉంది", "ఆయన ఆశయాలు బతికే ఉన్నాయి" లాంటి మాటలు ఎంత అందంగా ఉన్నా, పునరుత్థానం అనే మాటకు అర్థాలు కావు. తొలి క్రైస్తవులు చనిపోయినవారిని 'నిద్రించినవారు' అనేవారు. ఇంగ్లీషులో సెమెట్రీ అంటున్నామే, ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి పడుకునే చోటు అనే అర్థం.

దీన్ని పునర్జన్మతో కలపడం మామూలు పొరపాటు. పునర్జన్మలో ఆత్మ ఒక శరీరాన్ని వదిలి ఇంకోదానిలోకి వెళ్తుంది, పాత శరీరంతో ఇక పనిలేదు. పునరుత్థానంలో ఆ మనిషే, ఆ పేరుతోనే, తన శరీరంతోనే లేస్తాడు. రెండూ ఎదురెదురు దిక్కులు.

ఇంకో పొరపాటు కొంచెం సూక్ష్మమైనది. చనిపోయి నాలుగు రోజులైన లాజరును యేసు పిలిస్తే ఆయన కూడా సమాధిలోంచి వచ్చాడు కదా, ఆయనది పునరుత్థానం కాదా? యోహాను సువార్త ఈ తేడాను ఒక చిన్న వివరంతో చూపిస్తుంది. లాజరు బయటికి వచ్చినప్పుడు కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉన్నాయి, ముఖానికి రుమాలు చుట్టి ఉంది. వేరేవాళ్లు వచ్చి కట్లు విప్పాలి. యేసు సమాధిలోకి పేతురు వెళ్లి చూసినప్పుడు మాత్రం నారబట్టలు అక్కడే పడి ఉన్నాయి, తల రుమాలు వేరేగా చుట్టి పెట్టి ఉంది. లాజరుకు ఆ బట్టలతో మళ్లీ అవసరం పడుతుంది. ఆయన పాత జీవితంలోకే తిరిగి వచ్చాడు, ఒకరోజు మళ్లీ చనిపోయాడు. యేసు వెనక్కి రాలేదు, చావును దాటి అవతలికి వెళ్లాడు. పునరుత్థానం అంటే పాత ఆయుష్షుకు పొడిగింపు కాదు.

ఇక అసలైన చిక్కుముడి ఆత్మ అమరత్వం. 1955లో ఆస్కార్ కుల్మాన్ అనే పండితుడు హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో రెండు చావులను పక్కపక్కన పెట్టి చూపించాడు. సోక్రటీస్ విషపు గిన్నెను ప్రశాంతంగా అందుకుంటాడు. ఆయనకు చావు ఒక స్నేహితుడు, శరీరమనే చెర నుంచి ఆత్మను విడిపించేది. గెత్సేమనే తోటలో యేసు అలా లేడు. వణికాడు, వేదన పడ్డాడు, ఈ గిన్నె నా నుంచి తొలగించమని ప్రార్థించాడు, స్నేహితులు మేలుకుని తోడుంటే బాగుండని ఆశపడ్డాడు. ధైర్యంలో సోక్రటీస్ గొప్పవాడని దీని అర్థం కాదు. బైబిలు దృష్టిలో చావు స్నేహితుడు కాదు, "కడపట నశింపజేయబడు శత్రువు." స్నేహితుడైతే వెంట వెళ్లొచ్చు. శత్రువును మాత్రం ఓడించాల్సిందే. అందుకే ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు ప్రసంగాన్ని జనం శ్రద్ధగా విని, మృతుల పునరుత్థానం అనే మాట రాగానే కొందరు ఎగతాళి చేశారు. ఆత్మ అమరం అని ఉంటే తలూపేవారేమో. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడైతే ఇంకా ఘాటుగా, ఇది పురుగులకు తగిన ఆశ అన్నాడు. కుళ్లిపోయిన శరీరం మళ్లీ కావాలని ఏ ఆత్మ కోరుకుంటుంది అని ఆయన ప్రశ్న.

పౌలు పందెం

కొరింథు సంఘంలో కూడా ఈ ఇబ్బందే వచ్చినట్టుంది. యేసు లేచాడని వాళ్లు నమ్మారు, కానీ మామూలు మనుషులు లేవడమేంటి అన్నారు. క్రీ.శ. 50ల మధ్యలో పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రికలోని 15వ అధ్యాయం దీనికి జవాబు. అందులో ఆయన వాదించే తీరు నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. మతాన్ని ప్రచారం చేసేవాళ్లు మామూలుగా ఇలా మాట్లాడరు. తన నమ్మకాన్ని ఎక్కడ కొడితే కూలుతుందో తనే వేలు పెట్టి చూపించాడు. "క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." అంతటితో ఆగలేదు. అప్పుడు మేము దేవుని గురించి అబద్ధసాక్ష్యం చెప్పినవాళ్లం, నిద్రించినవారు నశించినట్టే, మనం మనుషులందరిలోకీ దౌర్భాగ్యులం, రేపు చనిపోతాం గనక తిని తాగుదాం పదండి అన్నాడు.

యేసు మంచి బోధలు మిగులుతాయి కదా, కొండమీది ప్రసంగం చాలదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పౌలు ఆ దారి తెరిచి పెట్టలేదు. ఆయన లెక్కలో మిగిలేది సున్నా.

ఈ జాబితాలో ఒక మాట దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. క్రీస్తు లేవకపోతే "మీరింకను మీ పాపములలోనే యున్నారు" అంటాడు. అదెలా? పాపాలకు ప్రాయశ్చిత్తం శుక్రవారమే సిలువ మీద జరిగిపోయింది కదా, ఆదివారంతో దానికి ఏం సంబంధం?

సిలువను ఆ రోజు చూసినవాళ్ల కళ్లతో చూస్తే ఇది తెలుస్తుంది. సిలువ అంటే ఒక తీర్పు. రోమా గవర్నరు ఈ మనిషి నేరస్థుడన్నాడు. యూదు మతపెద్దలు దైవదూషకుడన్నారు. ద్వితీయోపదేశకాండంలో మ్రానున వేలాడదీయబడినవాడు దేవుని శాపగ్రస్తుడని ఉంది, అంటే దేవుడే ఇతన్ని కాదన్నాడని చూసినవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆ కాలంలో తాము మెస్సీయ అనుకున్న నాయకుణ్ణి రోమా సైన్యం చంపేస్తే, అనుచరులకు రెండే దారులు. ఇంటికి వెళ్లిపోవడం, లేదా ఇంకో నాయకుణ్ణి వెతుక్కోవడం. క్రీ.శ. 132లో తిరుగుబాటు చేసిన బర్ కోఖ్బాను మెస్సీయ అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 135లో ఆయన చనిపోయాక ఆ మాట కూడా పోయింది. చంపబడ్డ మెస్సీయ అంటే ఓడిపోయిన మెస్సీయ, అంటే మెస్సీయ కానివాడు.

ఎమ్మాయు దారిలో నడుస్తున్న ఇద్దరు శిష్యుల మాటల్లో ఆ ఓటమే వినిపిస్తుంది. ఇశ్రాయేలును విడిపించేవాడు ఈయనే అని మేము ఆశపెట్టుకున్నాం, అంటారు. క్రియ భూతకాలంలో ఉంది. కాబట్టి శుక్రవారంతో కథ ముగిసి ఉంటే, సిలువ మీద జరిగింది ప్రాయశ్చిత్తమని అనుకోవడానికి ఎవరికీ ఏ కారణమూ లేదు. అది ఇంకో మరణశిక్ష, అంతే. పునరుత్థానం అంటే కింది కోర్టులన్నీ ఇచ్చిన తీర్పును పై కోర్టు కొట్టేయడం. ఈయన నిర్దోషి, ఈయన మోసింది తన శాపం కాదు, మీది అని దేవుడు ప్రకటించడం. రోమా పత్రికలో పౌలు దీన్ని ఒకే వాక్యంలో పెట్టాడు: మన అపరాధాల నిమిత్తం అప్పగించబడ్డాడు, మనల్ని నీతిమంతులుగా తీర్చడానికి లేపబడ్డాడు. అప్పు తీరినట్టు రసీదు అని ప్రసంగాల్లో చెబుతుంటారు. పోలిక బాగానే ఉంది, కొంచెం చిన్నది. రసీదును బీరువాలో పెట్టి మర్చిపోతాం.

తొలి పన

ఆ 15వ అధ్యాయంలో లేచిన క్రీస్తును పౌలు 'ప్రథమఫలము' అంటాడు. ఆ మాట లేకపోతే అధ్యాయం మొత్తం విడిపోతుంది. లేవీయకాండం ప్రకారం కోత మొదలవగానే మొదటి పనను, అంటే కోసిన కంకుల కట్టను, తెచ్చి దేవుని ముందు అల్లాడించాలి. ఆ ఒక్క పన పంట మొత్తం కాదు, కానీ పంటలో భాగమే. అదే విత్తనం, అదే నేల. అది పండిందంటే మిగతా చేను వెనకాలే ఉంది.

యూదుల్లో చాలామందికి పునరుత్థానం కొత్త ఆలోచన కాదు. మట్టిలో నిద్రించేవారు మేలుకుంటారని దానియేలు గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో అంతియొకస్ రాజు పెట్టిన హింసల్లో, ధర్మశాస్త్రానికి కట్టుబడినందుకే చనిపోయినవాళ్లకు న్యాయం ఎక్కడ అనే ప్రశ్న తీవ్రమయ్యాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. యూదు మతవర్గాల్లో పరిసయ్యులు ఒప్పుకున్నారు, సద్దూకయ్యులు కాదన్నారు. లాజరు సహోదరి మార్త కూడా, అంత్యదినాన నా సహోదరుడు లేస్తాడని నాకు తెలుసు అంటుంది. అంటే అందరూ, ఒకేసారి, చిట్టచివర లేస్తారన్నది వాళ్ల అంచనా. చరిత్ర మధ్యలో, ఒక్కడే, మిగతా లోకం మామూలుగా నడుస్తుండగా లేస్తాడని ఎవరూ అనుకోలేదు. ఈ వింతకు పౌలు ఇచ్చిన వివరణే తొలి పన. యేసు లేవడం, మనం లేవడం రెండు వేరు వేరు అద్భుతాలు కావు, ఒకే కోతకు రెండు చివర్లు. మధ్యలో ఉన్న కాలంలో పరిశుద్ధాత్మను ఇచ్చాడు. దాన్ని తెలుగు బైబిలు 'సంచకరువు' అంటుంది. ఇప్పటి మాటలో అడ్వాన్స్.

నిజంగా జరిగిందా?

దీని మీద లైబ్రరీలు నిండేంత రాశారు. నేను రెండు మూడు విషయాలే చెప్పి ముందుకు వెళ్తాను. యేసు లేచి పేతురుకు, పన్నెండుగురికి, ఆ తర్వాత ఇంకా చాలామందికి కనబడ్డాడనే సాక్ష్యాన్ని పౌలు సొంతంగా అల్లలేదు, నాకు అందినదాన్నే మీకు అందించాను అన్నాడు. క్రైస్తవుడిగా మారిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి పేతురు దగ్గర 15 రోజులు ఉన్నానని, యేసు సహోదరుడు యాకోబును కూడా చూశానని గలతీ పత్రికలో రాశాడు. యేసు బతికి ఉండగా ఆయన సహోదరులు ఆయన్ని నమ్మలేదు. పౌలైతే సంఘాన్ని హింసించినవాడు. వీళ్లు ఎందుకు మారారన్నదానికి చరిత్రకారుడు ఏదో ఒక జవాబు చెప్పాలి. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలని సువార్తలన్నీ చెప్పడం ఇంకో విశేషం. స్త్రీల సాక్ష్యం చెల్లదని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన కాలం అది. కథ అల్లేవాడు మగ్దలేనే మరియతో మొదలుపెట్టడు.

అలాగని సువార్తల కథనాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా లేవు. స్త్రీలు ఎంతమంది, దూతలు ఒకరా ఇద్దరా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంది. అత్యంత ప్రాచీనమైన ప్రతుల్లో మార్కు సువార్త, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదనే వాక్యంతోనే ఆగిపోతుంది. 1941లో జర్మన్ పండితుడు రుడోల్ఫ్ బుల్ట్‌మాన్, ఈస్టర్ అంటే శిష్యుల్లో విశ్వాసం పుట్టడమే అని వాదించాడు. పిన్కాస్ లాపీడ్ అనే యూదు పండితుడు దీనికి పూర్తిగా అవతలి వైపు. దేవుడు యేసును నిజంగానే లేపాడని ఒప్పుకున్నాడు, అయినా యూదుడిగానే ఉండిపోయాడు. ఈ ఇద్దరినీ చూస్తే నాకు అనిపించేది, చరిత్ర మనల్ని తలుపు దాకా తీసుకెళ్లగలదు, లోపలికి నెట్టలేదని. బుల్ట్‌మాన్ దారి మాత్రం పౌలుకు నచ్చేది కాదు. విశ్వాసం పుట్టడమే పునరుత్థానమైతే "మీ విశ్వాసము వ్యర్థమే" అనే వాక్యానికే అర్థం పోతుంది.

గాయాలు, కాల్చిన చేపలు

లేచిన శరీరం ఎలా ఉంటుంది? పౌలు విత్తనాన్ని చూడమన్నాడు. గింజను నాటితే గింజే పైకి రాదు, మొక్క వస్తుంది. అయినా అది ఆ గింజదే, ఇంకోదానిది కాదు. ఆత్మసంబంధ శరీరం అని ఆయన అన్నప్పుడు ఆత్మతో తయారైన పలచటి రూపం అని కాదు, దేవుని ఆత్మ వల్ల నడిచే శరీరం అని. నదిలో కలిసిన బూడిదకు కూడా జవాబు ఇక్కడే ఉంది. దేవుడు అణువులు ఏరుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు, ఆ మనిషిని మర్చిపోకపోతే చాలు.

నాకు మాత్రం సిద్ధాంతం కన్నా సువార్తల్లోని రెండు దృశ్యాలే ఎక్కువ చెబుతాయి. ఒకటి, గాయాలు చూస్తే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా ముందు యేసు చాపిన చేతులు. చావును ఓడించిన శరీరం మీద గాయాలు ఎందుకు ఉండాలి? మచ్చ కూడా లేకుండా మాన్పలేడా? ఆ గుర్తులు చెరిపేస్తే, లేచినవాడు సిలువ వేయబడినవాడే అని ఎలా తెలుస్తుంది? మనం పడ్డ బాధలు మన కథలోంచి కత్తిరించి పారేసే ముక్కలు కావని ఆ చేతులు చెబుతున్నాయి. రెండోది తిబెరియ సముద్రపు ఒడ్డు. రాత్రంతా వలలు వేసి తెల్లారి ఒడ్డుకు వచ్చిన శిష్యులకు నిప్పుల మీద చేపలు, పక్కన రొట్టె కనబడతాయి. లోకాన్ని జయించినవాడు వంగి పొద్దున టిఫిన్ సిద్ధం చేస్తున్నాడు. యోహాను సువార్తలో నిప్పుల మంట ఇంకొక్క చోటే వస్తుంది, యేసును ఎరగనని పేతురు బొంకిన చోట.

ఇలాంటి నమ్మకం శరీరాన్ని చూసే చూపునే మారుస్తుంది. ఆకలి, రోగం, పనివాడి అలసట ఇవన్నీ ఆత్మకు పట్టని చిన్న విషయాలు కావు. పునరుత్థానం మీద అంత పొడవైన అధ్యాయం రాసిన పౌలు దాన్ని ముగించింది పరలోక వర్ణనతో కాదు, మీ ప్రయాస ప్రభువునందు వ్యర్థం కాదు, పనిచేస్తూ ఉండండి అనే మాటతో. ప్రకటన గ్రంథం చివర్లో కూడా మనుషులు పైకి వెళ్లరు, నూతన యెరూషలేమే పరలోకం నుంచి దిగి వస్తుంది.

ఆశ, నిరీక్షణ

ఇంగ్లీషులో హోప్ అనే చోట తెలుగు బైబిలు అనువాదకులు చాలాచోట్ల 'నిరీక్షణ' వాడారు. ఆశ అంటే జరగొచ్చు, జరగకపోవచ్చు. నిరీక్షణ అంటే వస్తానని చెప్పిన మనిషి కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం. ఆ కూర్చోవడంలో ఏడుపు కూడా ఉంటుంది. క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేదాకా వీళ్లు ఆగలేకపోయారే, మరి వీళ్ల గతేంటి అని మిగతావాళ్లకు టెన్షన్. పౌలు వాళ్లకు దుఃఖపడొద్దని రాయలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని రాశాడు. ఈ తేడాను మనం తరచూ మింగేస్తాం.

సమాధి పక్కన "ఇది ఒట్టి మట్టి, అసలు మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు, ఏడవకూడదు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఓదార్చడానికే అంటారు. అది వింటూ కూడా పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేని భార్యను చూసినప్పుడు, అక్కడ బైబిలుకు దగ్గరగా ఉన్నది ఆవిడే అనిపిస్తుంది. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. క్రీ.శ. 381 నాటి నైసీయ విశ్వాస ప్రమాణం చివరి వాక్యంలో మృతుల పునరుత్థానం గురించి 'నమ్ముతున్నాం' అని లేదు, 'ఎదురుచూస్తున్నాం' అని ఉంది.

లియోన్ సంఘంవాళ్ల లేఖలో ఇంకో విషయం కూడా ఉంది. నదిలో కలిపినా దేవుడు లేపుతాడులే అని వాళ్లు చేతులు దులుపుకోలేదు. ఆ ఆరు రోజులూ శవాలను దొంగచాటుగానైనా తెచ్చి పాతిపెట్టాలని చూశారు. చీకటి కలిసిరాలేదు. కాపలావాళ్లు డబ్బుకు లొంగలేదు, బతిమాలినా కరగలేదు. మా వాళ్లను మట్టిలో పెట్టుకోలేకపోయామే అని ఎంతో దుఃఖపడ్డామని ఆసియా, ఫ్రుగియ ప్రాంతాల్లోని తమ సహోదరులకు రాసుకున్నారు.